కంప్యూటర్ కంటికి కనబడకూడదన్న శాస్త్రవేత్త మార్క్ వైజర్

సచిన్ (సూరత్): సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. నేడు అది గుజరాత్‌లోని ప్రధాన పారిశ్రామిక వాడలలో ఒకటి. 2020లో సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చిన ఈ ప్రాంతంలో నేత కార్ఖానాలు, అద్దకపు మిల్లులు బారులు తీరి ఉంటాయి. సూరత్ నేత పరిశ్రమలోకి వచ్చిన కొత్త తరం మగ్గాలకు ఎలక్ట్రానిక్ జకార్డు అమర్చి ఉంటుంది. పడుగులో ఏ పోగు పైకి లేవాలో, ఏ పోగు కింద ఉండాలో, పేక ఎప్పుడు దాటాలో అందులోని చిన్న కంప్యూటరే నిర్ణయిస్తుంది. అయినా మగ్గం దగ్గర నిలిచిన కార్మికుడు దానిని కంప్యూటర్ అని పిలవడు. అతని చూపు బట్టమీద, తెగిన పోగుమీద ఉంటుంది. అదే కార్మికుని జేబులోని ఫోన్ మోగినప్పుడు మాత్రం చూపు పనిని వదిలి తెరమీదికి మళ్లుతుంది.

ఈ రెండూ కంప్యూటర్లే. ఒకటి పనిలో కలిసిపోయింది, రెండవది పనినుంచి మనిషిని పక్కకు లాగుతున్నది. ఈ తేడాను ముప్పై ఐదేళ్ల కిందటే గుర్తించి, మొదటి మార్గమే మానవజాతికి మేలని వాదించిన శాస్త్రవేత్త మార్క్ వైజర్. సర్వవ్యాప్త కంప్యూటింగ్ అనే భావనకు పేరు పెట్టి, దానికి తొలి రూపాన్ని ఇచ్చినవాడు ఆయనే. 46 ఏళ్లకే కన్నుమూసిన ఆయన ఆలోచనలో సగం నేడు ప్రపంచమంతటా నిజమైంది. మిగిలిన సగం ఇంకా మిగిలే ఉంది. బడిలోకీ ఇంటిలోకీ కంప్యూటర్ ఏ రూపంలో ప్రవేశించాలన్న చర్చ సాగుతున్న వేళ ఆయన జీవితాన్ని ఒకసారి తిరిగి చూడటం అవసరం.

తత్వశాస్త్రం నుంచి కంప్యూటర్‌కు

మార్క్ వైజర్ 1952 జులై 23న అమెరికాలోని షికాగో నగర ప్రాంతంలో జన్మించారు. యౌవనంలో ఆయనను ఆకర్షించినది యంత్రశాస్త్రం కాదు, తత్వశాస్త్రం. ఫ్లోరిడా రాష్ట్రంలోని న్యూ కాలేజీలో చేరి తత్వగ్రంథాలు చదివారు. అక్కడి చదువు పూర్తి కాలేదు. ఆ తర్వాత మిషిగన్ రాష్ట్రానికి చేరుకుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పనిలో కుదిరారు. పని నేర్పిన విద్యను శాస్త్రంగా చదవాలన్న కోరికతో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, 1979లో డాక్టరేట్ పొందారు.

అయితే తత్వశాస్త్రం ఆయనను విడిచిపోలేదు. జర్మన్ తత్వవేత్త మార్టిన్ హైడెగర్, హంగేరీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన మైకేల్ పొలాన్యీ రచనలు ఆయన ఆలోచనను చివరిదాకా నడిపించాయి. మనిషి ఒక పరికరాన్ని బాగా వాడటం నేర్చుకున్నప్పుడు ఆ పరికరం అతని స్పృహలోంచి తొలగిపోతుందని ఈ తత్వవేత్తలు వివరించారు. వడ్రంగి సుత్తిని గురించి ఆలోచించడు, మేకును గురించి ఆలోచిస్తాడు. అంధుడు చేతికర్రను తాకడు, కర్ర కొనతో వీధిని తాకుతాడు. వైజర్ తర్వాతి కాలంలో చేసిన ప్రతిపాదనలన్నీ ఈ పరిశీలన మీద నిలిచినవే.

డాక్టరేట్ కోసం ఆయన ఎన్నుకున్న అంశంలోనూ మనిషి మనసుపట్ల ఈ ఆసక్తి కనిపిస్తుంది. వేల పంక్తుల ప్రోగ్రాములో ఎక్కడో ఒక తప్పు దొర్లినప్పుడు, దానిని వెతికే వ్యక్తి మొత్తం ప్రోగ్రామును చదవడు. తప్పుతో సంబంధమున్న పంక్తులను మాత్రం మనసులోనే విడదీసి, వాటినే పరిశీలిస్తాడు. ఈ మానసిక ప్రక్రియను గమనించిన వైజర్, యంత్రం కూడా అదే విధంగా ప్రోగ్రామునుంచి అవసరమైన ముక్కను వేరు చేసే పద్ధతిని రూపొందించారు. ప్రోగ్రాం స్లైసింగ్ అన్న పేరుతో 1981లో ప్రచురితమైన ఈ పద్ధతి సాఫ్ట్‌వేర్ శాస్త్రంలో నేటికీ పాఠ్యాంశమే. సర్వవ్యాప్త కంప్యూటింగ్ జోలికి పోకుండా ఉన్నా, ఈ ఒక్క కృషితోనే ఆయన పేరు నిలిచి ఉండేది.

1979 నుంచి ఎనిమిదేళ్ల పాటు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఆయన కంప్యూటర్ శాస్త్రాన్ని బోధించారు. పని పూర్తయ్యాక వృథాగా పడి ఉన్న మెమరీని ప్రోగ్రాము తనంతట తానే ఏరివేసే విధానంపై హాన్స్ బోమ్‌తో కలిసి చేసిన పరిశోధన 1988లో వెలువడింది. వారిద్దరి పేర్లతో పిలిచే ఆ విధానం నేటికీ అనేక వ్యవస్థలలో వాడుకలో ఉంది.

పార్క్ ప్రయోగశాలలో

1987లో వైజర్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకు తరలివెళ్లి జిరాక్స్ సంస్థకు చెందిన పార్క్ పరిశోధన కేంద్రంలో చేరారు. 1970లో ప్రారంభమైన ఆ కేంద్రానికి అప్పటికే గొప్ప పేరు ఉంది. కిటికీల వంటి తెరలు, మౌస్‌తో నడిచే ఆల్టో కంప్యూటర్ 1973లో పుట్టింది అక్కడే. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్‌నెట్, లేజర్ ప్రింటర్ కూడా ఆ ప్రాంగణం నుంచి వచ్చినవే. పిల్లలు చంకలో పెట్టుకుని తిరగగల పుస్తకమంత కంప్యూటర్‌ను అలన్ కే 1972లోనే ఊహించినది అక్కడే. వైజర్ చేరిన మరుసటి సంవత్సరమే అక్కడి కంప్యూటర్ శాస్త్ర ప్రయోగశాల బాధ్యత ఆయనకు అప్పగించారు.

అప్పటికి వ్యక్తిగత కంప్యూటర్ కార్యాలయాల్లో స్థిరపడుతున్నది. దానిని మరింత వేగవంతం, మరింత ఆకర్షణీయం చేయడమే పరిశోధకుల ధ్యేయంగా ఉండేది. వైజర్‌కు ఆ దారి తప్పుగా తోచింది. ఒక పెట్టె ముందు కూర్చుని, దాని భాష నేర్చుకుని, దాని తెరకు కళ్లప్పగించి పని చేయడం మనిషి సహజ జీవనానికి విరుద్ధమని ఆయన భావించారు. పార్క్‌లోనే పనిచేస్తున్న మానవశాస్త్రవేత్త లూసీ సచ్‌మన్ అధ్యయనాలు ఈ ఆలోచనకు బలమిచ్చాయి. ఫొటోకాపీ యంత్రం ముందు నిలబడి మనుషులు ఎలా తికమక పడుతున్నారో, నిజమైన పనిలో ఒకరికొకరు ఎలా సాయపడుతున్నారో ఆమె దగ్గరగా పరిశీలించారు. యంత్రాన్ని తయారు చేసినవారి ఊహకూ, దానిని వాడేవారి అనుభవానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ అధ్యయనాలు చూపాయి.

1988లో వైజర్ తన ఆలోచనకు సర్వవ్యాప్త కంప్యూటింగ్ అన్న పేరు పెట్టారు. కంప్యూటింగ్ చరిత్రను ఆయన మూడు దశలుగా విభజించారు. మొదటి దశలో ఒక పెద్ద యంత్రాన్ని అనేకమంది పంచుకున్నారు. రెండవ దశలో ఒక మనిషికి ఒక యంత్రం వచ్చింది. మూడవ దశలో ఒక్కో మనిషి చుట్టూ అనేక చిన్న యంత్రాలు ఉంటాయని, అవి గోడలలో, బల్లలలో, పనిముట్లలో ఇమిడిపోతాయని చెప్పారు. ఆ రోజుల్లో ప్రచారంలో ఉన్న వర్చువల్ రియాలిటీకి ఇది పూర్తి వ్యతిరేకం. మనిషిని యంత్రం సృష్టించిన లోకంలోకి తీసుకుపోవడానికి బదులు, యంత్రమే మనిషి లోకంలోకి వచ్చి ఒదగాలన్నది ఆయన వాదం.

అంగుళం, అడుగు, గజం

వైజర్ బృందం ఈ భావనను కాగితంమీదనే వదిలిపెట్టలేదు. మూడు పరిమాణాల్లో పరికరాలను తయారుచేసింది. అంగుళాల కొలతలో, అరచేతిలో ఇమిడే చిన్న పరికరం ట్యాబ్. అడుగు కొలతలో, కాగితం లేదా పలక వంటిది ప్యాడ్. గజం కొలతలో, గోడకు అమర్చే నల్లబల్ల వంటిది బోర్డు. ట్యాబులు పరారుణ కిరణాల ద్వారా గది పైకప్పులోని గ్రాహకాలతో సంభాషించేవి. ఒక సాధారణ గదిలో ఇటువంటి ట్యాబులు వంద దాకా, ప్యాడ్లు పది ఇరవై, బోర్డులు ఒకటి రెండు ఉండవచ్చని ఆయన అంచనా వేశారు.

ఇందులో ప్యాడ్‌ను గురించిన ఆయన ఊహ ప్రత్యేకమైనది. అది ఎవరి సొంతమూ కాదు. బల్లమీద పడి ఉన్న చిత్తుకాగితంలా ఎవరైనా చేతికందినదాన్ని తీసుకుని వాడి, పని కాగానే వదిలేయవచ్చు. సమాచారం ఒక పెట్టెలో బంధించి ఉండదు కనుక పెట్టెను మోసుకు తిరగనవసరం లేదు. తెలుగు పిల్లలు తరాలపాటు దిద్దుకున్న మార్కాపురం పలకను తలచుకుంటే ఈ ఊహ సులభంగా అర్థమవుతుంది. అక్షరం దిద్దే పిల్లవాడి ధ్యాస పలకమీద కాదు, అక్షరంమీద నిలుస్తుంది. పలక పిలవదు, మెరవదు, మరొకటి చూడమని ప్రేరేపించదు.

1991 సెప్టెంబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ప్రచురితమైన వ్యాసంతో వైజర్ పేరు ప్రపంచానికి తెలిసింది. 21వ శతాబ్దపు కంప్యూటర్ ఎలా ఉండాలో అందులో ఆయన వివరించారు. ఆయన చెప్పిన రెండు ఉదాహరణలు మనకు చాలా సన్నిహితమైనవి.

మొదటిది రాత. లిపి మానవుడు కనుగొన్న తొలి సమాచార సాంకేతికత. ఒకనాడు అది కొద్దిమంది లేఖకుల విద్య. నేడు వీధి బోర్డులమీద, దుకాణాలమీద, మిఠాయి పొట్లాలమీద ఎక్కడ చూసినా అక్షరమే. చదవడం వచ్చినవాడు అక్షరాన్ని చూస్తున్నానని అనుకోడు, విషయాన్నే గ్రహిస్తాడు. ఉపాధి కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు చేరిన తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక కోణం కూడా తెలుసు. గుజరాతీ లిపి రానివారికి అదే వీధి బోర్డు అడుగడుగునా అడ్డుగోడ అవుతుంది. నేర్చిన మరుక్షణమే ఆ గోడ మాయమవుతుంది. సాంకేతికత అదృశ్యం కావడం యంత్రం లక్షణం మాత్రమే కాదు, నేర్చిన మనిషి లక్షణం కూడానని దీనివల్ల తెలుస్తుంది.

రెండవది విద్యుత్ మోటారు. పాత కార్ఖానాలలో ఒకే పెద్ద యంత్రం తిరుగుతుంటే, పైకప్పు కింద అమర్చిన షాఫ్టులు, తోలు పట్టీల ద్వారా అన్ని పనిముట్లకూ ఆ శక్తి అందేది. మోటారు చిన్నదై, చౌక అయ్యాక ప్రతి పనిముట్టుకూ సొంత మోటారు వచ్చింది. చివరకు ఒక్క కారులోనే ఇరవైకి పైగా మోటార్లు చేరినా, నడిపేవాడికి వాటి ఉనికే తెలియదు. సచిన్‌లోని ఏ నేత కార్ఖానాలో నిలబడినా ఈ చరిత్ర కళ్ల ముందు కనిపిస్తుంది. సాంచాల చప్పుడులో ఎవరూ మోటారును గురించి మాట్లాడుకోరు. బట్టను గురించి, మీటర్లను గురించి, కూలిని గురించి మాట్లాడుకుంటారు. కంప్యూటర్ కూడా ఇదే విధంగా జీవితపు నేతలో ఒక పోగుగా కలిసిపోవాలని వైజర్ కోరుకున్నారు. తన వ్యాసంలో ఆయన ఎంచుకున్న ఉపమానం కూడా వస్త్రానిదే.

ముందే చూసిన ప్రమాదం

తన ఊహలోని ప్రమాదాన్ని వైజర్ దాచిపెట్టలేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఉన్న ఒలివెట్టి ప్రయోగశాలలో యాక్టివ్ బ్యాడ్జి అనే పరికరం తయారైంది. దానిని ధరించిన వ్యక్తి భవనంలో ఏ గదిలో ఉన్నాడో వ్యవస్థకు తెలుస్తుంది. అతనికి వచ్చిన ఫోన్ కాల్ నేరుగా ఆ గదికే వెళుతుంది, తలుపు అతని కోసం తెరుచుకుంటుంది. దాని రూపకర్తలలో ఒకరైన రాయ్ వాంట్ తర్వాత పార్క్‌లో చేరి వైజర్‌తో పనిచేశారు.

సౌకర్యం ఎంత ఉందో నిఘా కూడా అంతే ఉందని విమర్శలు వచ్చాయి. గదికి వంద కంప్యూటర్లు ఉండి, అవన్నీ మనుషుల కదలికలను గ్రహిస్తూ ఉంటే, ఆ సమాచారం ప్రభుత్వాల చేతిలోనో, వ్యాపార సంస్థల చేతిలోనో, చివరకు పై అధికారి చేతిలోనో పడితే ఏమవుతుందని వైజర్ 1991 నాటి వ్యాసంలోనే హెచ్చరించారు. చరిత్రలో నియంతలు చేసిన నిఘా దీని ముందు చాలా చిన్నదిగా కనిపిస్తుందని ఆయన ఆందోళన. గోప్యతను కాపాడే పద్ధతులు తయారీ దశలోనే వ్యవస్థలో భాగం కావాలని, తర్వాత అతికిస్తే సరిపోదని ఆయన అభిప్రాయపడ్డారు. ఇంటర్నెట్ సామాన్యుని ఇంటికి చేరకముందే ఈ మాట చెప్పడం ఆయన దూరదృష్టికి నిదర్శనం.

ప్రశాంత సాంకేతికత

కంప్యూటర్లు అంతటా వ్యాపిస్తే సరిపోదు, అవి మనిషిని ప్రశాంతంగా ఉంచాలన్న ఆలోచన వైజర్‌లో క్రమంగా బలపడింది. పార్క్ అధిపతి జాన్ సీలీ బ్రౌన్‌తో కలిసి 1995లో ప్రశాంత సాంకేతికత అనే భావనను ప్రతిపాదించారు. మనిషి ధ్యానానికి ఒక కేంద్రం, ఒక అంచు ఉంటాయి. కారు నడిపేవాడు రోడ్డును చూస్తుంటాడు, ఇంజిన్ శబ్దం అతని ధ్యానపు అంచున ఉంటుంది. ఆ శబ్దం మారిన క్షణంలో మాత్రమే అది కేంద్రానికి వస్తుంది. మంచి సాంకేతికత ఎక్కువ సమయం అంచున ఉండి, అవసరమైనప్పుడే కేంద్రానికి రావాలని, పని ముగియగానే తిరిగి అంచుకు పోవాలని వారు సూత్రీకరించారు. మగ్గాల మధ్య పనిచేసేవారికి ఈ సూత్రం కొత్తది కాదు. అనేక సాంచాలు ఒకేసారి మోగుతున్నా, ఒక దాని లయ తప్పితే అనుభవజ్ఞుని చెవి వెంటనే పసిగడుతుంది.

కళాకారిణి నటాలీ జెరిమిజెంకో పార్క్‌లో రూపొందించిన ఒక వస్తువును వైజర్ దీనికి ఉదాహరణగా చూపేవారు. ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తీగను పైకప్పునుంచి చిన్న మోటారుకు వేలాడదీసి, ఆ మోటారును కార్యాలయపు కంప్యూటర్ నెట్‌వర్క్ తీగతో కలిపారు. నెట్‌వర్క్‌లో సమాచారం తక్కువగా సాగితే తీగ అప్పుడప్పుడు చిన్నగా కదిలేది. రద్దీ పెరిగితే గిరగిర తిరుగుతూ చప్పుడు చేసేది. ఎవరూ తెర చూడనక్కరలేకుండా, దారిన పోయే ప్రతి ఒక్కరికీ నెట్‌వర్క్ పరిస్థితి తెలిసిపోయేది.

విద్య విషయంలోనూ వైజర్ దృష్టి ఇదే. మంచి పరికరం కళ్లద్దాల వంటిదని ఆయన పోలిక. కళ్లద్దాలు పెట్టుకున్నవాడు ప్రపంచాన్ని చూస్తాడు గాని అద్దాలను చూడడు. బాల్యంతోనూ ఆయన కంప్యూటర్‌ను పోల్చారు. బాల్యంలో నేర్చినది జీవితానికి పునాది అవుతుంది, అయినా ఎలా నేర్చుకున్నామో గుర్తుండదు. 1998 జనవరిలో ఏసీఎం పత్రికలో విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో సర్వవ్యాప్త కంప్యూటింగ్ భవిష్యత్తుపై ఆయన వ్యాసం వెలువడింది. తరగతి గదికి ఈ తర్కాన్ని అన్వయిస్తే, ఎన్ని పరికరాలు పంచారన్నది కొలమానం కాదు. పిల్లవాడి ధ్యాస పాఠంమీద నిలిచిందా, పరికరంమీద నిలిచిందా అన్నదే కొలమానం.

వాయిద్యం, చివరి రోజులు

వైజర్ జీవితం ప్రయోగశాలకే పరిమితం కాలేదు. సహోద్యోగులు, మిత్రులతో ఏర్పడిన సివియర్ టైర్ డ్యామేజ్ అనే రాక్ సంగీత బృందంలో ఆయన డ్రమ్ములు వాయించేవారు. 1993 జూన్ 24న పార్క్ ప్రాంగణంలో ఆ బృందం ఇచ్చిన కచేరీ ఇంటర్నెట్ ద్వారా ప్రత్యక్షంగా ప్రసారమైంది. ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష కచేరీ ఇచ్చిన తొలి సంగీత బృందంగా దానికి చరిత్రలో స్థానం దక్కింది. 1994 నవంబరులో ప్రఖ్యాత రోలింగ్ స్టోన్స్ బృందం ఇంటర్నెట్ ప్రసారానికి సిద్ధమైనప్పుడు, వారికంటే ముందుగా అదే మార్గంలో ఈ బృందం వాయించి అందరినీ ఆశ్చర్యపరిచింది. నేడు చరవాణిలో నిత్యం చూసే ప్రత్యక్ష ప్రసారాలకు అది ఆది రూపం.

1996లో వైజర్ పార్క్ ముఖ్య సాంకేతిక అధికారి అయ్యారు. 1999 వసంతంలో ఆయనకు క్యాన్సర్ ఉన్నట్లు బయటపడింది. కొద్ది వారాలకే, ఏప్రిల్ 27న, పాలో ఆల్టోలో కన్నుమూశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఆయన భార్య విక్కీ రీచ్, డిజిటల్ పత్రికలు కాలగర్భంలో కలిసిపోకుండా అనేక గ్రంథాలయాల్లో ప్రతులను భద్రపరిచే లాక్స్ కార్యక్రమానికి సహస్థాపకురాలు. కంప్యూటర్ వ్యవస్థల పరిశోధనలో విశిష్ట కృషి చేసినవారికి ఏసీఎం నిపుణుల విభాగం వైజర్ పేరిట పురస్కారం ఇస్తున్నది.

నిజమైన సగం, మిగిలిన సగం

వైజర్ మరణించిన ఎనిమిదేళ్లకు ఐఫోన్, మరో మూడేళ్లకు ఐప్యాడ్ వచ్చాయి. ట్యాబ్, ప్యాడ్ అన్న మాటలు ఇంటింటి మాటలయ్యాయి. భారతదేశంలో 2016లో యూపీఐ మొదలైన తర్వాత టీ కొట్టు దగ్గర కూడా చెల్లింపు క్షణాల్లో జరిగిపోతున్నది. అక్కడ పెట్టిన చిన్న పెట్టె డబ్బు అందిందని స్థానిక భాషలో పలుకుతుంది. వ్యాపారి చేతిలో పని ఆపకుండా చెవితోనే విషయం తెలుసుకుంటాడు. వైజర్ చెప్పిన ప్రశాంత సాంకేతికతకు మన వీధుల్లో ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

తెలుగునాట ఈ భావన విద్యారంగంలో భిన్న రూపాలు ధరించింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కంప్యూటర్ మనిషి మాటను గుర్తించే విద్యకు మార్గదర్శకుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్న రాజ్ రెడ్డి, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్‌గా వ్యవహరించారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలలో పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఆధారంగా చదువు చెప్పడం ఆ ప్రయోగపు ప్రత్యేకత. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ చేసింది. అదే సంవత్సరం జులైలో గుజరాత్ రాజధాని గాంధీనగర్‌లో ప్రారంభమైన భాషిణి కార్యక్రమం, భారతీయ భాషలలో మాటను గుర్తించి, అనువదించే సాధనాలను అందుబాటులోకి తేవడానికి ఉద్దేశించినది. అక్షరం రాని తల్లి కూడా తన భాషలో అడిగి సమాధానం పొందగలిగితే, లిపి అనే అడ్డుగోడ మరొక విధంగా తొలగుతుంది.

అయితే వైజర్ కోరిన ప్రశాంతత మాత్రం ఇంకా రాలేదు. చేతిలోని తెర మనిషి ధ్యానపు అంచున ఉండటం లేదు, కేంద్రాన్నే ఆక్రమిస్తున్నది. చూసేవారి సమయమే వ్యాపారానికి సరుకైనప్పుడు కనుమరుగు కావడం ఆ యంత్రానికి లాభం కాదు. 2024 నాటి అసర్ సర్వేలో గ్రామీణ భారతంలోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లలలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చునని తేలింది. వారిలో అంతకుముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు సుమారు 76 శాతం. పరికరం చేరింది, పాఠం మాత్రం దానితో సమానంగా చేరలేదని ఈ అంకెలు చెబుతున్నాయి.

వైజర్ హెచ్చరించిన నిఘా విషయంలో చట్టం ఒక అడుగు వేసింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకునే ప్రకటనలను నిషేధించింది. తల్లిదండ్రులకు ఈ హక్కు ఉన్నదని తెలిసినప్పుడే అది అమలులోకి వచ్చినట్లు. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లే తండ్రికి, ఇంటి దగ్గర చీరలకు రాళ్లు, జరీ అంచులు కుట్టే తల్లికి ఆ సంగతిని వారి భాషలో ఎవరో ఒకరు చెప్పవలసి ఉంటుంది.

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. వలస కార్మికుల పిల్లలు తమ భాషలో అక్షరాలు దిద్దుకునే అవకాశం దేశంలో అరుదైనది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, ఇంట్లో ఒకే ఫోన్ ఉండి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉన్న కుటుంబాలు ఎవరి పాఠాన్ని వదులుకోవాలో తేల్చుకోవలసి వచ్చింది. ఒకరి సొంతం కాని, ఎవరైనా తీసుకుని వాడుకోగల ప్యాడ్ అనే వైజర్ ఊహ విలువ అటువంటి ఇంట్లోనే బాగా తెలుస్తుంది. ఇంటికొక ఖరీదైన పరికరానికంటే, బడిలోనూ గ్రంథాలయంలోనూ పలకల్లా పంచుకునే పది సాధనాలు, వాటిని పాఠానికి లోబడి ఉంచగల ఒక ఉపాధ్యాయుడు ఆ పిల్లలకు ఎక్కువ మేలు చేయగలరు.

మార్క్ వైజర్ భవిష్యవాణి చెప్పిన జోస్యుడు కాదు. యంత్రం ఎలా ఉండాలన్నది మనుషులు ఎంచుకోవలసిన విషయమని నమ్మిన ఉపాధ్యాయుడు. మగ్గంలోని కంప్యూటర్ కార్మికుని చూపును బట్టమీదే నిలపగలిగినప్పుడు, బడిలోని కంప్యూటర్ పిల్లవాడి చూపును పాఠంమీద నిలపలేకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. దానిని అలా తయారుచేయమని అడగవలసిన బాధ్యత తల్లిదండ్రులది, ఉపాధ్యాయులది, ప్రభుత్వాలది.